సంతానలేమి – మగవారికీ థైరాయిడ్ పరీక్ష అవసరం

నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. డాక్టరును కాను. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగకపోతే మన ఇళ్ళలో కోడలిని మాత్రమే ఆసుపత్రుల చుట్టూ తిప్పుతుండడం చూసి, నేను తెలుసుకున్నది రాస్తున్నాను. లెక్క తేలనప్పుడు జమ వైపు ఒక్కటే చూస్తే చాలదు, ఖర్చు వైపు కూడా చూడాలి. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వాటిలో సులభంగా కనిపెట్టి సరిచేయదగినది థైరాయిడ్ లోపం.

గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. ఇది టీ3, టీ4 హార్మోన్లను తయారుచేస్తుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దీనికి హెడ్డాఫీసు వంటిది. అక్కడి నుంచి వచ్చే ఉత్తర్వే టీఎస్‌హెచ్. బ్రాంచిలో పని మందగిస్తే ఉత్తర్వులు ఎక్కువైనట్లు, థైరాయిడ్ మందగిస్తే సాధారణంగా రక్తంలో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే టీఎస్‌హెచ్ తగ్గుతుంది.

థైరాయిడ్ మందగించిన మగవారిలో నీరసం, బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం కనిపిస్తాయి. టెస్టోస్టిరోన్ తగ్గి కోరిక సన్నగిల్లవచ్చు, వీర్యకణాల ఆకారం దెబ్బతినవచ్చు. అతిగా పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటాయి. వీర్యకణాల కదలిక తగ్గవచ్చు.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరును చూడాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. భర్తకు ముందు వీర్య పరీక్ష చేస్తారు. పైన చెప్పిన లక్షణాలు ఉంటే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా చేయమని అడగండి.

లోపం థైరాయిడ్‌దే అయితే చికిత్సతో చాలామందిలో పరిస్థితి మెరుగవుతుంది. అయితే ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి నెల రోజులకే ఫలితం లేదని మందు మానకూడదు. నీరసానికని ఎవరో చెప్పిన టెస్టోస్టిరోన్ ఇంజక్షన్లు వేయించుకోకూడదు. వాటివల్ల వీర్యకణాల తయారీ తగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా.

విద్యార్థులారా, మన ప్రాంతాల్లో డాక్టరు తమిళంలోనో కన్నడంలోనో చెబుతారు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో పెద్దలకు దాన్ని తెలుగులో చదివి చెప్పండి. భర్త రిపోర్టు కూడా ఫైలులో ఉందో లేదో చూడండి.