దర్వాజా కూర్పు

శంషాబాదు ప్రాంతమున ద్వారబంధమును దర్వాజా యందురు. ఇల్లు కట్టుకొనువారు మంచి దినము చూచి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి దర్వాజా నిలుపుదురు. ఆనాడు వడ్లవానికి కొత్త బట్టలు పెట్టుట ఆచారము. మేకుతో బిగించిన పెట్టెకు ఇంతటి మర్యాద లేదు గదా! దర్వాజా కూర్పులోని పనితన మెట్టిదో చూతము.

అడ్డకమ్మి కొనను నాలుకవలె పలుచగా చెక్కుదురు. దానిని కుసి యందురు. నిలువుకమ్మిలో దానికి సరిపడు బెజ్జము తొలుతురు. కుసి మందము కమ్మి మందములో సుమారు మూడవ వంతుండవలెను. అంతకు లావైనచో బెజ్జము చుట్టునున్న కర్ర చీలును. సన్ననైనచో కుసియే విరుగును. గీతలన్నియు ఒకే ముఖమునుండి గీయవలెను. రంపము గీతను తినరాదు, గీత ప్రక్కగా నడువవలెను. బెజ్జమును ఇరువైపులనుండి ఉలితో తొలిచి నడుమ కలుపుదురు.

అసలు యుక్తి మేకు రంధ్రములో కలదు. కుసిలోని రంధ్రమును కమ్మిలోని రంధ్రమునకు సరిగా ఎదురుగా పెట్టక, అంగుళములో పదునారవ వంతు కుసి మొదలువైపునకు జరుపుదురు. వెదురు మేకు దిగినకొలది కుసి లోనికి లాగబడి అతుకు బిగియును. జిగురుతో పనిలేదు. కర్ర వానకు ఉబ్బి ఎండకు తగ్గునది. అయితే ఈ మార్పు అడ్డముననే హెచ్చు, పొడవున మిక్కిలి స్వల్పము. ఇనుపమేకు తుప్పుపట్టి వదులగును. వెదురుమేకుకు తుప్పు లేదు. కర్ర మాత్రము బాగుగా ఆరియుండవలెను. అంగుళము మందమునకు ఏడాది యని పాతకాలపు లెక్క.

బిగింపు వేళ చూడదగినది. కుసిని సగము వరకు చేతితోనే నెట్టి, తక్కిన సగము కొడతితో దింపుదురు. దెబ్బ దెబ్బకు మ్రోత మారును. అడ్డకమ్మి నిలువుకమ్మికి ఆనగానే బోలుమ్రోత పోయి గట్టిమ్రోత వినవచ్చును. ఆ సందున కాగితపు ముక్క దూరకున్నచో వడ్రంగి మాటాడడు, బీడీ వెలిగించును. పొద్దంతయు పడిన శ్రమకు ఆ మ్రోతయే తొలి కూలి.

2008 మార్చిలో ఇచ్చట సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము ప్రారంభమైనది. చుట్టుపట్ల మేడలు లేచినవి, కార్ఖానా తలుపులు వచ్చినవి. యంత్రము నిమిషములలో బెజ్జము తొలుచును. ఆ అతుకు చెడ్డదనరాదు. కాని చేతిపనివానికి గిరాకి తగ్గినది. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమునకు చెందిన 18 వృత్తులలో వడ్రంగ మొకటి. పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, కొన్ని దినముల శిక్షణ అందులో చేర్చిరి. పనిముట్లు కొనుట సులభమే. ఉలి చేతికి లొంగుటకు ఏండ్లు పట్టును, అదియు తండ్రి ప్రక్కనో మేస్త్రి ప్రక్కనో కూర్చున్నప్పుడే.

పాత ఇండ్లను తీసివేయునప్పుడు గోడలు మట్టిలో కలియును. దర్వాజాను మాత్రము ఎవ్వరును పగులగొట్టరు. వెనుకనుండి మేకులు తట్టగా కుసులు ఊడివచ్చును. నాలుగు కమ్ములను బండిపై వేసికొని పోవుదురు. కొన్నవారు కొత్త మేకులు కొట్టించి, మరల పసుపు వ్రాసి నిలుపుకొందురు.