మేకలు ఈసుకుపోయిన ఇంట్లో గర్భిణి

ప్రశ్న: మేకలు కాస్తాం. చలికాలంలో రెండు ఈసుకుపోతే మాయ నేనే తీసి పారేశాను. తర్వాత విడవని జ్వరం. ఐదో నెలలో గర్భం పోయింది. మేకల రోగమే అంటిందా?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: అంటి ఉండవచ్చమ్మా, కానీ పరీక్ష లేకుండా తేల్చలేం. బ్రూసెల్లోసిస్ అనే ఈసుడు రోగపు సూక్ష్మజీవి ఈసుకుపోయిన పిల్లలో, మాయలో, ఉమ్మనీటిలో విపరీతంగా ఉంటుంది. చేతి గాయాల్లోంచి, పచ్చిపాలతో మనకు చేరుతుంది. జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు చూసి టైఫాయిడ్ అనుకోవడం మామూలే. అందుకే డాక్టరు అడగకపోయినా మేకల సంగతి మీరే చెప్పండి. రక్తపరీక్షలతో తెలుస్తుంది. రోగం ఉంటే మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. మీ ఆయనకూ పరీక్ష చేయించండి. నయమయ్యాక మళ్లీ గర్భం నిలిచే అవకాశం బాగానే ఉంటుంది. ఇక దోషం, దిష్టి అనేవాళ్లను అననివ్వండి.

ఈతల పని ఇకపై మీరు ముట్టుకోవద్దు. చేసేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. మాయను కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతాలి. పాలు పొంగేదాకా కాచాలి. మందను పశువైద్యుడికి చూపించండి.

జ్వరం ఇంకా వస్తుంటే ఈ వారమే కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ గర్భంతో ఉన్నప్పుడు జ్వరం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.