చౌడుబారిన పొలము – భూసేకరణలో రైతు హక్కులు



రహదారికో, కాలువకో, పారిశ్రామికవాడకో ప్రభుత్వము మీ భూమిని తీసికొనవచ్చును. అయితే చట్టప్రకారము తప్ప ఎవరి ఆస్తినీ తీసికొనరాదని రాజ్యాంగము 300-ఎ అధికరణములో చెప్పుచున్నది. ఆ భూమి అప్పటికే కర్మాగారపు మురుగుతో చెడియున్నచో మీ హక్కు ఏమగును?

మన కుప్పం ప్రాంతము మీదుగా తమిళనాట ప్రవేశించు పాలారు సంగతి చూడుడు. అచ్చటి తోళ్ల కర్మాగారముల మురుగు వలన సుమారు 35,000 హెక్టారుల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో సేద్యమునకు పనికిరాకపోయినదని 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొనెను. బాధితులకు పరిహారమును, భూమిని బాగుచేయు ఖర్చును చెడగొట్టినవారే భరించవలెనని చెప్పెను. కావున పొలము చెడినను రైతు హక్కు చెడదు.

2014 జనవరి 1 నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము ప్రకారము రిజిస్ట్రేషను విలువను, సమీపములో అదే రకపు భూముల విక్రయ ధరలను చూచి, ఎక్కువైనదానిని లెక్కకు తీసికొందురు. దానిపై నూటికి నూరు వంతుల సొలేషియము చేరును. చెరకు పండిన మడి, బావినీరు ఉప్పదేరి మూడేండ్లు బీడుపడెననుకొనుడు. అడంగలులో "బీడు" అని మాత్రమే యున్నచో బీటి ధరలతో పోల్చు ప్రమాదము కలదు. కావున నోటీసు రాకముందే ఈ జాగ్రత్తలు తీసికొనుడు.

1. పూర్వపు పంటలను చూపు అడంగలు నకళ్లను భద్రపరచుడు.

2. మన్నును, బావినీటిని పరీక్ష చేయించి, తేదీ గల ఫలితములను దాచుకొనుడు. మురుగు పారినచో కాలుష్య నియంత్రణ మండలికి వ్రాసి, రసీదు పొందుడు.

3. నోటీసు ఏ చట్టము క్రింద వచ్చినదో చూడుడు. భూసేకరణ చట్టమైనచో ప్రాథమిక ప్రకటన నాటినుండి 60 రోజులలో, 1956 నాటి జాతీయ రహదారుల చట్టమైనచో 21 రోజులలో ఆక్షేపణ తెలుపవలెను.

4. మామిడిచెట్లు, బావి, బోరు, పైపులు అన్నియు లెక్కలో చేరినవో లేదో చూచుకొనుడు. భూమి రెండు ముక్కలై మిగిలినది సాగుకు చిక్కైనచో, ఆ నష్టమును కూడ అడుగవచ్చును.

5. భూసేకరణ చట్టము క్రింద నిర్ణయించిన సొమ్ము చాలదని తోచినచో, ఆక్షేపణ వ్రాసియే పుచ్చుకొనుడు. ఆక్షేపణ లేక పుచ్చుకొన్నవారికి పై విచారణ కోరు హక్కు పోవును. నిర్ణయమునాడు మీరు హాజరైయున్నచో ఆరు వారములలో కలెక్టరుకు దరఖాస్తు పెట్టవలెను. రహదారుల చట్టము క్రిందనైతే మధ్యవర్తిని ఆశ్రయించవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. పొలము గట్టుపై నిలిచి చూడకుండ "బీడు" అని వ్రాయవద్దు. పంట ఎందుకు పోయినదో రైతునడిగి, ఉన్నది ఉన్నట్లు నమోదు చేయుడు. ఆ ఒక్క మాటపై ఒక కుటుంబపు జీవనము ఆధారపడియుండవచ్చును.