పెళ్లిరోజుకి మన చేత్తో

పెళ్లిళ్లయిన మనవలూ మనవరాళ్లలో ఎవరో ఒకరు ఏటా ఫోన్ చేసి అడుగుతారు: "అమ్మమ్మా, ఈసారి పెళ్లిరోజుకి ఏదైనా చేత్తో చేసి ఇద్దామనుకుంటున్నా. ఏం చెయ్యమంటావు?" ఆ మాట వింటే నాకు ప్రాణం లేచొస్తుంది. మాది నరసాపురం దగ్గర పల్లె. ఏ అరుగు మీద చూసినా లేసు అల్లే ఆడవాళ్లే. వాళ్ల మధ్యే పెరిగాను. 1974లో, ఆనంద నామ సంవత్సరం వైశాఖంలో, నా పెళ్లయింది. ఆయన బడిపంతులు. జీతం ఇల్లు గడవడానికి సరిపోయేది. కానుకలు కొనే అలవాటు ఇద్దరికీ లేదు, చేసిపెట్టే అలవాటు మాత్రం మొదటి ఏడాదే పడింది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. మనకి ఏ పని వచ్చో దాన్నిబట్టి కానుక నిర్ణయించకండి. ఎదుటి మనిషి పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం ముట్టుకుంటారు, ఎక్కడ ఇబ్బంది పడతారు, అది గమనించండి. నాకు బాగా వచ్చిన పని లేసు. కానీ లేసుతో మా ఆయనకేం పని? ఆయన సైకిల్ మీద పక్క ఊరి బడికి వెళ్లేవారు. దిద్దాల్సిన పుస్తకాల కట్ట హ్యాండిల్‌కి వేలాడదీస్తే తాడు ఒరుసుకుని అట్టలు చిరిగేవి. అందుకని ముతక ఖద్దరు రెండు పొరలు వేసి సంచీ కుట్టాను. బరువంతా అడుగునే పడుతుంది కనుక అక్కడ ఇంకో పొర వేశాను. పట్టీని సంచీ నోటి దగ్గర అతికి వదిలెయ్యకుండా రెండు పక్కలా కిందిదాకా దించి, అడుగు చుట్టూ తిప్పి కుట్టాను. అలా కుడితే బరువు పట్టీ మోస్తుంది, గుడ్డ చిరగదు. మూత మీద ఆయన పేరులో మొదటి అక్షరం కాడకుట్టుతో వేశాను. అలంకారం అంతే. దూరం నుంచి ఆ సంచీ కనిపిస్తే చాలు, మేష్టారు వస్తున్నారని పిల్లలు బళ్లోకి పరిగెత్తేవాళ్లట.

మా మనవరాలి భర్తకి హైదరాబాదులో రాత్రి ఉద్యోగం, పగలే నిద్ర. ఆ పిల్ల కిందటేడు మెత్తటి నల్ల నూలు గుడ్డతో, లోపల పల్చగా దూది పరిచి, కళ్ల మీద కట్టుకునే పట్టీ కుట్టి ఇచ్చింది. కుట్టు వంకరగానే ఉంది. అయినా నేను ఈ మధ్య చూసిన కానుకల్లో నాకు బాగా నచ్చింది అదే.

2. పెళ్లిరోజు తిథితో చేసుకోవాలా, తేదీతోనా అని కొత్త జంటలు తగువు పడుతుంటారు. రెండూ ఉంచుకోండి. మా అత్తగారు తిథే పాటించేవారు, మా ఆయన తేదీ అనేవారు. చంద్రుణ్ణి బట్టి లెక్కించే ఏడాదికి 354 రోజులు, క్యాలెండర్ ఏడాదికి 365. కాబట్టి మన తిథి ఏటా పదకొండు రోజులు ముందుకొచ్చేస్తుంది. అధిక మాసం పడిన ఏడు మళ్లీ వెనక్కి పోతుంది. 19 ఏళ్లకోసారి రెండూ ఒకరోజు అటూ ఇటూగా కలుస్తాయి. మాకు 1993లోనూ 2012లోనూ అలా కలిసివచ్చింది. మిగతా ఏళ్లన్నీ మాకు రెండు పెళ్లిరోజులే. ఒకనాడు ఆయన చేసేది, ఒకనాడు నేను చేసేది. తిథి నాటికి పూలు, తీపి, భోజనం, అంటే ఆ రోజుతో అయిపోయేవి. తేదీ నాటికి ఇంట్లో నిలిచేవి. ఇద్దరూ ఒకేరోజు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటే ఎవరిది గొప్పదన్న పోలిక మనసులోకి వద్దన్నా వస్తుంది. రోజులు వేరైతే ఆ బాధ లేదు.

3. పాత చీరలు పారెయ్యకండి, స్టీలు సామాన్లవాడికి వెయ్యకండి. దాంపత్యంలో గడిచిన ఏళ్లన్నీ ఒకచోట చేర్చగల వస్తువు నాకు తెలిసి బొంత ఒక్కటే. మా పాతికేళ్ల పెళ్లిరోజుకి, 1999లో, నేను చేసింది అదే. దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి ఇది చూపించేవాళ్లు ఇళ్లల్లో తగ్గిపోయారు.

నూలుకి నూలే జత చెయ్యాలి. పట్టు కలపకూడదు. ఉతికినప్పుడు నూలు ముడుచుకునే తీరు వేరు, పట్టు తీరు వేరు. పైగా పాత పట్టు మడతల దగ్గర చీలిపోతుంది. జరీ ఉంటే అంచు కత్తిరించి తీసెయ్యండి, ఒంటికి గుచ్చుకుంటుంది. చీరల్లో గంజి మొత్తం పోయేదాకా వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి. గంజి మిగిలితే పెట్టెలో పురుగు కొడుతుంది. తర్వాత చీరల్ని పొరలుగా పరచాలి. బాగా అరిగినవి మధ్యకి, ఇంకా గట్టిగా ఉన్నవి పైకీ కిందకీ. నేను వెంకటగిరి, మంగళగిరి నేత చీరలు పైన వేసి, ఆయన పాత పంచెలు లోపల పెట్టాను. గచ్చు మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. ఇది మధ్యలోంచి మొదలుపెట్టి అంచులవైపుకి వెళ్లాలి. అంచు నుంచి లోపలికి వస్తే గుడ్డంతా నడుమ కుప్పపడుతుంది. ఆ తర్వాత రెండు వేళ్ల ఎడంతో వరుసగా సన్న టాకాలు. రోజుకి రెండు మూడు వరుసలకన్నా ఎక్కువ వెయ్యకండి, మెడ పట్టేస్తుంది.

పైపొరలో ఏ చీర ఎక్కడ రావాలో ఆయన్నే అడిగాను. ఒక్కో చీర చేతిలోకి తీసుకుని ఎక్కడ కొన్నామో, అప్పుడు ఇంట్లో ఏం జరిగిందో చెప్పుకుంటూ పోయారు. పెద్దమ్మాయి పురిటి స్నానం నాడు కట్టిన పసుపు చీర నాకు గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. దాన్ని నడిమధ్యన పెట్టమన్నారు. అంత మాటకారి కాని మనిషి. ఆ సాయంత్రాల్లో ఆయన చెప్పినన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

4. ఇది మగపిల్లలకి. చేతిపని ఆడవాళ్లదని అనుకోకండి. వైశాఖం మల్లెల కాలం. తిథి నాడు మా ఆయన పెరట్లో మొగ్గలు కోసి, విచ్చుకోకముందే మాల కట్టేవారు. అరటి దొప్పని ఎండబెట్టి, నీళ్లలో తడిపి, సన్నగా చీలిస్తే నార వస్తుంది. దారమైతే కాడల్ని కోసేస్తుంది, నార కొయ్యదు. అటు రెండు మొగ్గలు, ఇటు రెండు మొగ్గలు, కాడలు ఎదురెదురుగా పెట్టి చుట్టు వేసి బిగించాలి. మధ్యమధ్య మరువం. మగవాడు పూలు కట్టడమేమిటని వీధిలో కొందరు అన్నారు. చాలా గుళ్లలో స్వామికి దండలు కట్టేది మగవాళ్లే కదా అని ఆయన జవాబు. మాల తడిగుడ్డలో చుట్టి ఉంచి, నేను వంట ముగించుకుని వచ్చాక ఇచ్చేవారు.

మా చిన్నల్లుడు పూతరేకులు చేస్తానని పట్టుపట్టాడు. రేకు తియ్యడం ఆత్రేయపురం ఆడవాళ్ల విద్య. కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని దానిమీద ఒక్కసారి లాగితే కాగితం కన్నా పల్చటి పొర వస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకు తియ్యడం ఒక పూటలో పట్టుబడే పని కాదు, అంచేత రేకులు తెప్పించుకుని చుట్టడం మాత్రం నేర్చుకోమన్నాను. రేకు పెళుసు. తడిగుడ్డ మీద ఒక్క క్షణం ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు నెయ్యి రాసి, బెల్లం తురుమూ యాలకుల పొడీ చల్లి మడవాలి. తడి కాస్త ఎక్కువైతే చేతికి అంటుకుపోతుంది. మొదటి నాలుగూ పిల్లలు తినేశారు, అయిదోది మా అమ్మాయికి పెట్టాడు.

5. ఉత్తరాలు రాసుకోండి. ఆయన ట్రైనింగుకి రాజమండ్రిలో ఉన్నప్పుడు నేను రాసిన కార్డులూ ఇన్‌లాండ్ కవర్లూ ఆయన దాచి, ఒక పెళ్లిరోజుకి పుస్తకంగా కట్టి ఇచ్చారు. ఉత్తరానికి కన్నాలు పొడవకూడదు. ఒక్కోదానికి పక్కన సన్న కాగితం పట్టీ అతికించి, ఆ పట్టీలని కలిపి కుట్టాలి. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు రాదు. అది విషం. వంటగిన్నె వాడొద్దు, పిల్లల చేతికి అందనివ్వద్దు. లామినేషన్ జోలికి అసలు పోకండి, ఒకసారి చేయించాక కాగితాన్ని మళ్లీ విడదియ్యలేం. ఇప్పుడు ఉత్తరాలెక్కడివంటారా? మా మనవడు పెళ్లికి ముందు ఇద్దరూ ఫోన్లో రాసుకున్న కబుర్లలో తనకి నచ్చినవి ఏరి, నోటుపుస్తకంలో సొంత దస్తూరీతో రాసి భార్యకిచ్చాడు. ఫోన్ పోయినా అవి ఉంటాయి.

6. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయి చెప్పింది, అక్కడ ఒక్కో పెళ్లిరోజుకి ఒక్కో వస్తువు లెక్కట. మొదటి ఏడు కాగితం, రెండో ఏడు నూలు, మూడోది తోలు, అయిదోది చెక్క, పాతికకి వెండి, యాభైకి బంగారం. 1937లో అక్కడి నగల వ్యాపారుల సంఘం ఆ పట్టికని పొడిగించిందట. వ్యాపారం సంగతి ఎలా ఉన్నా, ఈ వరుస నాకు నచ్చింది. కాగితం, నూలు, చెక్క అన్నీ మనం చేత్తో పట్టుకుని పనిచెయ్యగలిగినవి. మనకీ వాటికి లోటు లేదు. కాగితానికి ఉత్తరం, నూలుకి రుమాలో బొంతో. చెక్క ఏడు మా అమ్మాయీ అల్లుడూ ఇండియా వచ్చి, లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లారు. అక్కడ అంకుడు కర్రని మర మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. ఆ రంగుల్ని మళ్లీ చెట్లూ గింజల నుంచే తియ్యడానికి పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మావాళ్లు పనివాళ్ల దగ్గర కూర్చుని చూసి, ఒక కుంకుమ భరిణె తెచ్చుకున్నారు.

మా బంగారు పెళ్లిరోజు 2024లో వచ్చింది. నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందీ ఆ ఏడే. పిల్లలు గొలుసు కొంటామన్నారు. వద్దన్నాను. మీరంతా, మగపిల్లలతో సహా, తలా ఒక లేసు పువ్వు అల్లి పంపండి, దారం నేనిస్తాను అన్నాను. మా వైపు లేసులో పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు, వాటిని ఒకదానికొకటి కలపడాన్ని అతుకుపని అంటారు. ఒకరు చేసింది ఇంకొకరు కలుపుతారు. చేతిపని వాళ్లది, అతుకుపని నాది. ఒకడి పువ్వు గట్టిగా బిగుసుకుంది, ఒకదాని పువ్వు వదులైపోయింది. వాటి మధ్య గొలుసులు పొట్టీ పొడుగూ చేసి సర్దాను. ఆ గుడ్డ ఇప్పుడు ఆయన రాసుకునే బల్ల మీద ఉంది. లేసు ఆయనకి పనికొచ్చింది, చివరికి.

7. దాచి చెయ్యాలని తాపత్రయపడకండి. రెండు గదుల ఇంట్లో ఎక్కడ దాస్తాం? తన కోసం ఒక వస్తువు వరుస వరుసగా తయారవడం రోజూ చూడటంలోనే సంతోషం ఉంది. కొలతలు అడగొచ్చు, రంగు అడగొచ్చు. అడిగి చేసింది వాడకంలోకి వస్తుంది.

8. మీకు చేతకానిది, చేసేవాళ్ల దగ్గర కొనండి, తప్పులేదు. కానీ వాళ్లతో బేరమాడకండి. దీని గురించి నాకు కడుపులో మంట ఉంది. మా వైపు లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. ఏజెంటు దారం ఇస్తాడు, ఎంత దారం అల్లితే అంత కూలి. వంటా పిల్లలూ అయ్యాక మిగిలిన పొద్దంతా అల్లినా చేతికొచ్చేది తక్కువ. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో దీనిమీద పుస్తకమే రాసింది. ఎగుమతి చేసేవాళ్లు బాగుపడుతుంటే, అల్లేవాళ్లని ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్లుగా లెక్కకట్టారని చూపించింది. కొక్కెం సూదితో పడే ఈ అల్లిక యంత్రానికి రాదు. మీరు చూసే ప్రతి కన్నూ ఎవరో ఒకరి చేతివేళ్ల మీదుగా వచ్చిందే. వీలైతే అల్లిన మనిషినే వెతికి, ఎన్నాళ్లు పట్టిందో అడిగి, ఆ లెక్కన ఇవ్వండి.

9. ఇచ్చినదాన్ని బీరువాలో పెట్టకండి, వాడండి. వాడితే మాసిపోతుంది, తెగుతుంది. దానికీ పద్ధతులున్నాయి. లేసుని గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి అదిమితే చాలు, పిండకూడదు. తువ్వాలు మీద ఆకారం సర్ది నీడన ఆరెయ్యాలి. పసుపు మరక పడితే సబ్బుతో ఉతికి ఎండలో పెట్టండి, ఎండకి ఆ రంగు విరిగిపోతుంది. లక్క బొమ్మని పొడిగుడ్డతో తుడవాలి, పొయ్యి దగ్గర పెట్టకూడదు. బొంత తడిస్తే చాలా బరువు. ఒక్క తాడు మీద వేస్తే కుట్లు సాగుతాయి, రెండు మూడు తాళ్ల మీద పరిచి ఆరెయ్యండి. ఎక్కడైనా టాకా తెగితే పక్క వరుసలు వదులు కాకముందే ముడివేసి కుట్టెయ్యాలి. అంచు పోతే కొత్త గుడ్డ వెయ్యొచ్చు. ఆ గుడ్డని మాత్రం ముందే ఉతికి ఆరబెట్టి అప్పుడు కత్తిరించండి, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని బొంత మొత్తాన్ని లాగేస్తుంది.