ఏమరుపాటుకు తావివ్వని చేతులు

కొత్త పిస్టల్ ఇంటికి తెచ్చుకున్న మొదటి వారంలో మనిషి ఎంతో జాగ్రత్తగా ఉంటాడు. గది తలుపు వేసుకుంటాడు, ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు, చెయ్యి వెయ్యాలంటేనే తటపటాయిస్తాడు. ఏడాది తిరిగేసరికి అదే మనిషి భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, అదే పిస్టల్‌లో తూటాల మ్యాగజైన్ దోపి నడుముకు తగిలించుకుంటాడు. మొదటి వారంలో అతన్ని కాపాడింది భయం. ఆ భయం ఎలాగూ పోతుంది, పోవాలి కూడా. అది ఖాళీ చేసిన చోట ఒక పద్ధతి వచ్చి కూర్చుందా, లేక ధీమా వచ్చి కూర్చుందా అన్నదాని మీదే ఆ ఇంట్లో వాళ్ళందరి క్షేమం ఆధారపడి ఉంటుంది.

అమెరికాలో బట్టల చాటున పిస్టల్ పెట్టుకు తిరగడాన్ని కన్సీల్డ్ క్యారీ అంటారు. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు గడప దాటి బయటికి కూడా వర్తిస్తుందని 2022లో బ్రూయెన్ కేసులో తేల్చింది. సగానికి పైగా రాష్ట్రాల్లో అర్హులైన వాళ్ళకు ఇప్పుడు పర్మిట్ కూడా అక్కర్లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇదే పరిస్థితి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళలోనూ కొందరు పిస్టల్ కొనుక్కుంటున్నారు. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు మాత్రం ఒక సంగతి మరవకూడదు. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళకు నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ అడ్డంకి లేదు.

పర్మిట్ అక్కర్లేదు అంటే శిక్షణ తీసుకున్నావా అని అడిగేవాళ్ళు లేరని అర్థం. ఎవరూ అడగని చోట మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. వ్యక్తిత్వానికి పరీక్ష అక్కడే మొదలవుతుంది.

ముందు నాలుగు నియమాలు

అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ 1976లో అరిజోనాలో ఒక శిక్షణ సంస్థ పెట్టి, ఆధునిక పిస్టల్ శిక్షణకు ఒక రూపం ఇచ్చాడు. తుపాకీ పట్టే ప్రతివాడికీ ఆయన పేరుతో నేర్పే నియమాలు నాలుగు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకుని మెలగాలి. నాశనమైనా ఫర్వాలేదనుకున్న దాని వైపు తప్ప మరెటూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియాలి.

వీటిలో గొప్పతనం ఏమిటంటే, ఒకటి తప్పినా మిగతావి కాపాడతాయి. వేలు పొరపాటున ట్రిగ్గర్ మీదికి జారినా గొట్టం సరైన వైపు ఉంటే గోడకు బొక్క పడుతుంది, ప్రాణం పోదు. ప్రమాదం జరగాలంటే రెండు మూడు నియమాలు ఒకేసారి తప్పాలి. అలా ఒకేసారి తప్పేది సాధారణంగా మనసు ఇంకెక్కడో ఉన్నప్పుడే.

ఒకే చోటు, ఒకే దిక్కు

ఇంట్లో పిస్టల్ లోడ్ చెయ్యడానికి ఒక స్థలం నిర్ణయించుకోండి. ఎప్పుడు చేసినా అక్కడే చెయ్యాలి. మంచం మీద ఒకరోజు, వంటింటి గట్టు మీద ఒకరోజు, కారులో ఇంకోరోజు పనికిరాదు.

మన ఊళ్ళలో ఇటుక గోడల మధ్య పెరిగినవాళ్ళకు గోడ అంటే అడ్డు అనే నమ్మకం ఉంటుంది. అమెరికా ఇళ్ళలో లోపలి గోడ అంటే చెక్క నిలువుల మీద అటూ ఇటూ కొట్టిన జిప్సం పలక, అరంగుళం మందం. పిస్టల్ తూటా అలాంటి గోడలు కొన్నిటిని వరసగా దాటిపోగలదు. మేడమీది గదిలో గొట్టం నేలకు తిప్పితే క్షేమమనుకుంటాం గానీ, ఆ నేల కింద పిల్లలు టీవీ చూస్తుండవచ్చు. కాబట్టి తూటాను నిజంగా ఆపగలిగేది ఎదురుగా ఉండాలి. దీనికోసమే తయారుచేసి అమ్మే ఇసుక పెట్టెలు, తూటా ఆపే పలకలు ఉన్నాయి. బయటివైపు మట్టి ఆనుకుని ఉన్న బేస్‌మెంట్ గోడ ఉంటే అదీ మంచిదే. ఆ దిక్కు ఒకసారి స్థిరపడితే రోజూ ఆలోచించుకోవలసిన పని ఉండదు.

క్రమం తప్పితే ఏమవుతుంది

తూటా తీసేసేటప్పుడు జరిగే ఒక పొరపాటును కొంచెం దగ్గరగా చూద్దాం. ముందు మ్యాగజైన్ బయటికి తియ్యాలి, ఆ తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) లాగాలి. తొందరలో ఉన్న మనిషి ముందు స్లైడ్ లాగుతాడు. చాంబర్‌లోని, అంటే పేలడానికి సిద్ధంగా గొట్టం మొదట్లో ఉన్న, తూటా ఎగిరి పరుపు మీద పడుతుంది. దాన్ని కళ్ళారా చూశాడు కాబట్టి ఖాళీ అయిపోయిందనుకుంటాడు. కానీ లోపలే ఉన్న మ్యాగజైన్ ఇంకో తూటాను పైకి తోసింది. స్లైడ్ ముందుకు వస్తూ దాన్ని చాంబర్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు తీరిగ్గా మ్యాగజైన్ తీసి పక్కన పెడతాడు. శుభ్రం చెయ్యడానికి విప్పాలంటే కొన్ని మోడళ్ళలో ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కుతాడు. అతను చేసిన పనుల్లో ఒక్కటీ కొత్తది కాదు. రెండు పనుల వరస మారింది, అంతే. తుపాకీ శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్ అయిందంటూ మన పత్రికల్లో అడపాదడపా వచ్చే వార్తలు చదివినప్పుడు, చేతుల్లో తప్పిపోయిన వరస ఏమిటా అని ఆలోచించడం మంచిది.

లోడ్ చేసేటప్పుడూ వరస ఉంది. మొదట పిస్టల్ ఖాళీ అని తేల్చుకోవాలి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి నిలిపి, చాంబర్‌లోకి చూసి, వెలుతురు చాలకపోతే చిటికెన వేలితో తడిమి మరీ తెలుసుకోవాలి. తూటాలు ఆ పిస్టల్‌కు సరిపోయే సైజువేనా అని ఒక్కొక్కటీ చూడాలి. మ్యాగజైన్ పెట్టాక అది కూర్చుందో లేదో కిందికి లాగి చూడాలి. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి వదిలెయ్యాలి. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు తెస్తే తూటా సరిగా ఎక్కకపోవచ్చు. ఇదంతా జరుగుతున్నంతసేపూ చూపుడు వేలు ట్రిగ్గర్‌కు పైన, ఫ్రేము మీద నిటారుగా ఉండాలి. సేఫ్టీ మీట ఉన్న పిస్టల్ అయితే అది వెయ్యాలి. చాంబర్‌లో తూటా చేరిందో లేదో తెలుసుకునే తీరు మోడల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఉన్నట్టే, తెలిసిన శిక్షకుడి దగ్గర నేర్చుకున్నట్టే చెయ్యాలి. ఆ చూసే తొందరలో గొట్టం ముందుకు చెయ్యి రాకూడదు.

తర్వాత హోల్‌స్టర్, అంటే పిస్టల్ దోపుకునే ఒర. పిస్టల్‌ని తొందరగా దోపినందుకు ఎవరూ బహుమతి ఇవ్వరు. జాకెట్ కిందిభాగంలో వేలాడే చిన్న తాడు, దాని చివర ప్లాస్టిక్ ముడి ఉంటాయి చూశారా, అది హోల్‌స్టర్‌లోకి దూరి ట్రిగ్గర్‌కు తగులుకోగలదు. చొక్కా అంచు మడతపడినా అంతే. అందుకే బట్టను పక్కకు లాగి, హోల్‌స్టర్ నోట్లోకి కళ్ళతో చూసి, మెల్లగా దించాలి. ఏదో అడ్డు తగిలినట్టనిపిస్తే బలంగా నెట్టకుండా పైకి తీసి చూడాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా నడుముకు పిస్టల్ పెట్టుకోనే కూడదు. చేతిలోంచి జారితే పడనివ్వండి. గాల్లో పట్టుకోబోతే వేళ్ళు ముందు వెతికేది ట్రిగ్గర్‌నే.

ఎంత తక్కువసార్లు ముట్టుకుంటే అంత మేలు

రోజూ రాత్రి తూటాలు తీసి, పొద్దున్నే మళ్ళీ పెట్టడమే జాగ్రత్త అని చాలామంది అనుకుంటారు. కానీ పిస్టల్ ముట్టుకున్న ప్రతిసారీ పొరపాటుకు ఒక అవకాశం ఇస్తున్నాం. పైగా ఒకే తూటాను మాటిమాటికీ చాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే, దాని గుండు ఇత్తడి గొట్టంలోకి కొద్దికొద్దిగా కుంగుతుంది. లోపలి ఖాళీ తగ్గిపోయి, పేలినప్పుడు పీడనం హద్దు మీరవచ్చు. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే ఆ తేడా కంటికే తెలుస్తుంది. కుంగినదాన్ని మళ్ళీ వాడకూడదు. అనుభవజ్ఞులు చెప్పే సులువైన దారి, పిస్టల్‌ని హోల్‌స్టర్‌లోంచి తియ్యకుండా హోల్‌స్టర్‌తో సహా నడుము నుంచి విప్పి, నేరుగా తాళం పెట్టెలో పెట్టడం. ట్రిగ్గర్ కప్పే ఉంటుంది, తూటా కదలదు, పెట్టెకు తాళం పడుతుంది.

మాటలు ఆపాలి, పైకి చెప్పాలి

1974 సెప్టెంబరు 11న నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి దిగబోతూ కూలిపోయింది. పొగమంచులో దిగుతున్న సమయంలో కాక్‌పిట్‌లో పైలట్లు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకున్నారని దర్యాప్తులో తేలింది. ఇలాంటి అనుభవాల వల్లే 1981లో ఒక నిబంధన వచ్చింది. పది వేల అడుగుల కింద, కీలక దశల్లో పైలట్లు అనవసరమైన మాట ఒక్కటి మాట్లాడకూడదు. వాళ్ళు చేతగానివాళ్ళు కారు, వేల గంటలు ఎగిరినవాళ్ళు. అంతటివాళ్ళకే ఆ కట్టడి అవసరమైందంటే మనకు ఎంత అవసరం! పిస్టల్ చేతిలో ఉన్న ఆ రెండు నిమిషాలూ ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఎవరైనా పిలిస్తే పిస్టల్ కింద పెట్టి పలకాలి. ఆ తర్వాత ఆగిన చోటినుంచి కాకుండా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

జపాన్ రైలు డ్రైవర్లది ఇంకో పద్ధతి. సిగ్నల్ కనపడగానే వేలితో చూపించి, అది ఏ రంగులో ఉందో పైకి అంటారు. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ ఒకే పనిలో పడితే మనసు పక్కకు పోలేదు. మీరూ అలాగే చెయ్యండి. 'మ్యాగజైన్ తీశాను. చాంబర్ ఖాళీ. వేలు ఫ్రేము మీద.' గొంతు పెంచక్కర్లేదు, మీ చెవికి వినపడితే చాలు. ఇలా చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు ఉంటారు. ఆ సిగ్గును దాటడం ఎదుగుదలలో భాగమే.

ఇంటిల్లిపాదీ గుర్తుండాలి

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. అబ్బాయి, కోడలు ఆఫీసుకు పోయాక అమ్మ ఖాళీగా కూర్చోదు. ఉతికిన బట్టలు మడిచి డ్రాయర్లలో సర్దుతుంది. ఆ డ్రాయర్‌లో, చొక్కాల కింద, తూటాలు నింపిన పిస్టల్ ఉండకూడదు. మనవడు ఆమె వెనకే తిరుగుతుంటాడు. దాచడం వేరు, తాళం వెయ్యడం వేరు. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లల మరణాలకు తుపాకులే మొదటి కారణమయ్యాయి. దుకాణదారు హ్యాండ్‌గన్ అమ్మేటప్పుడు తాళం లాంటి భద్రతా పరికరం ఇచ్చితీరాలని 2005లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ తాళాన్ని వాడకుండా పక్కన పడేస్తే చట్టం ఏం చెయ్యగలదు?

ఇంకో ముఖ్యమైన మాట. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరి మనసైనా కుంగిపోయి ఉంటే, అది మీ మనసే అయినా సరే, పిస్టల్‌ని కొన్నాళ్ళు ఇంటి నుంచి పంపెయ్యండి. చట్టం ఒప్పుకునే పద్ధతిలో నమ్మకమైన చోట భద్రపరచండి. నా వల్ల కావట్లేదని ఒకరితో చెప్పుకోవడం బలహీనత కాదు. తాగి ఉన్నప్పుడు, కోపంలో ఉన్నప్పుడు, నిద్ర చాలక తూలుతున్నప్పుడు పిస్టల్‌ని ముట్టుకోకపోవడం కూడా మనతో మనం నిజాయితీగా ఉండడమే.

పిస్టల్ లేనివాళ్ళకు కూడా

మన ఊళ్ళో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు. లైన్‌లో కరెంటు ఆపారని సబ్‌స్టేషన్ నుంచి ఖాయం చేసుకున్నాకే తీగ ముట్టుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నవాడు 'ఈ ఒక్కసారికీ ఏం కాదులే' అనుకున్న రోజే ప్రాణం మీదికొస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చే నర్సుకూ, రాత్రి బస్సు నడిపే డ్రైవరుకూ ఇదే వర్తిస్తుంది. నేర్పు పెరిగేకొద్దీ శ్రద్ధ తగ్గడం మానవ సహజం. ఆ సహజాన్ని గెలిచేది పట్టుదల ఒక్కటే కాదు. రోజూ ఒకే చోట, ఒకే వరసలో, ఎవరూ చూడకపోయినా చేసే పద్ధతి గెలుస్తుంది.

కాబట్టి పిస్టల్ ఉన్నవాళ్ళు ఇవాళే ఒక పని చెయ్యండి. మీ పిస్టల్‌కు సరిపోయే వరసను మాన్యువల్ చూసి, శిక్షకుడితో సరిచూసుకుని, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. తాళం పెట్టె మూతకు లోపలివైపు అతికించండి. పెట్టె తెరిచిన ప్రతిసారీ అది చదివి మొదలుపెట్టండి. కొన్నాళ్ళకు ఇదంతా నాకు కంఠతా వచ్చు, చదవక్కర్లేదు అనిపిస్తుంది. ఆ రోజు తప్పకుండా పైకి చదవండి.