ఇంట్లోనే బ్లూటూత్ స్టీరియో స్పీకర్స్: వాట్స్ కన్నా ముందు బాక్స్ చూడండి

నేను మొదటిసారి స్పీకర్స్ తయారు చేసింది మా నాన్న కోసం. "100 వాట్స్" అని రాసి ఉన్న ఆంప్లిఫైయర్ బోర్డ్ కొని, ఇంట్లో దొరికిన ప్లాస్టిక్ డబ్బాల్లో రెండు స్పీకర్లు బిగించేశాను. నాన్న రెండు నిమిషాలు విని "బానే ఉందిరా" అన్నారు. మర్నాడు చూస్తే మళ్లీ ఫోన్‌లోనే పాటలు వింటున్నారు! తప్పు ఎక్కడ జరిగిందో వెతికి, రెండో జత చేసేటప్పుడు నేర్చుకున్నవే ఈ ఆర్టికల్.

యాక్టివ్ స్పీకర్ అంటే?

ఆంప్లిఫైయర్ బాక్స్‌లోనే ఉంటే యాక్టివ్, బయట ఉంటే పాసివ్. మొదటిసారి చేసేవాళ్లకు సులువైన పద్ధతి ఇది: బ్లూటూత్ మాడ్యూల్, ఆంప్ రెండూ ఎడమ బాక్స్‌లో పెట్టి, కుడి బాక్స్‌కు వైర్ లాగడం.

100 వాట్స్ నిజమేనా?

నా బోర్డ్‌లో ఉన్నది టీపీఏ3116 చిప్. ఇది క్లాస్-డీ రకం. 50+50 వాట్స్ రావాలంటే 21 వోల్టుల దాకా సప్లై, 4 ఓమ్స్ స్పీకర్లు కావాలి. నేను ఇచ్చింది 12 వోల్టుల అడాప్టర్! లెక్క సింపుల్: వోల్టేజ్‌ను దానితోనే గుణించి, ఓమ్స్‌కు రెట్టింపుతో భాగించండి. 144 ÷ 8 = 18 వాట్స్. సౌండ్ పగలకుండా ఒక్కో వైపు ఇంతకు మించి రాదు. 8 ఓమ్స్ అయితే 9 మాత్రమే.

అయినా కంగారు పడక్కర్లేదు. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. గదిలో వినడానికి 9 వాట్స్ కూడా బాగానే సరిపోతాయి. నాన్నకు నచ్చనిది వాల్యూమ్ కాదు, సౌండ్.

బాక్స్ సైజు ఎలా లెక్కేయాలి?

స్పీకర్ డేటాషీట్‌లో థీల్-స్మాల్ పారామీటర్స్ ఉంటాయి. అవి లేని స్పీకర్ కొనకండి. మూసి ఉన్న బాక్స్‌కు క్యూటీఎస్, వీఏఎస్ అనే రెండు చాలు.

1. 0.707ను క్యూటీఎస్‌తో భాగించండి.
2. వచ్చినదాన్ని వర్గం చేసి, 1 తీసేయండి.
3. వీఏఎస్‌ను ఆ సంఖ్యతో భాగిస్తే బాక్స్ లోపలి లీటర్లు వస్తాయి.

ఉదాహరణకు క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 4 లీటర్లు అనుకుందాం. 0.707 ÷ 0.5 = 1.414. దాని వర్గం 2. ఒకటి తీసేస్తే 1. అంటే 4 లీటర్ల బాక్స్ కావాలి. లోపలి కొలతలు 13 × 15 × 21 సెంటీమీటర్లు పెడితే దాదాపు 4.1 లీటర్లు వస్తుంది. స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటుకు ఆ కాస్త ఎక్కువ ఉపయోగపడుతుంది. క్యూటీఎస్ 0.7 దగ్గరికి వస్తే బాక్స్ చాలా పెద్దది కావాలి, అలాంటివి వదిలేయండి.

బాక్స్ మరీ చిన్నదైతే బేస్ అంతా ఒకే చోట "డబ్ డబ్" మంటుంది. నా డబ్బాల సమస్య అదే. పైగా పల్చటి ప్లాస్టిక్ గోడలు పాటతో పాటు అదిరేవి. ఈసారి 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడాను, అతుకుల్లో గాలి పోకుండా జిగురు నింపాను. ఆంప్‌ను వెనక వేరే అరలో పెట్టాను, లేకపోతే ఎడమ బాక్స్‌లో గాలి చోటు తగ్గిపోతుంది.

వైరింగ్‌లో మూడు జాగ్రత్తలు

• పాట ఆపినా "కీ..." అని సన్నటి మోత వస్తోందా? బ్లూటూత్, ఆంప్ ఒకే సప్లై నుంచి, ఒకే గ్రౌండ్ మీద నడవడమే సాధారణంగా కారణం. మాడ్యూల్‌కు బీ0505ఎస్ లాంటి ఐసోలేటెడ్ కన్వర్టర్ ద్వారా 5 వోల్టులు ఇచ్చాక నాకు ఆ మోత పోయింది.
• ఈ చిప్‌లో స్పీకర్ మైనస్ వైర్ గ్రౌండ్ కాదు. రెండు స్పీకర్ల మైనస్‌లను కలపకండి.
• ఒక స్పీకర్ తిరగేసి కలిపితే బేస్ మాయమవుతుంది. ఆంప్‌కు కలపకముందే 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. రెండిటి కోన్ బయటికే రావాలి.

ముందు స్పీకర్, తర్వాత బాక్స్, ఆ తర్వాతే ఆంప్. నేను ఈ వరుసను తలకిందులుగా చేశాను కాబట్టే మొదటి జత అటకెక్కింది. రెండో జత విన్నాక నాన్న పొగడలేదు. "ఈ పాటలో వెనకాల వీణ కూడా ఉందా?" అని అడిగి, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. నాకు అది చాలు!