వెబ్‌సైటు ద్వారా బేరములు రప్పించుకొను విధము

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు రైతుల స్థితి కొంత విచిత్రమైనది. పొలము గట్టున నిలిచి చూచినచో పాశమైలారము, ఇస్నాపురము, రుద్రారము ఫ్యాక్టరీలు కనబడుచుండును. వానిలో పనిచేయువారు దినదినము పప్పును, అన్నమును, కూరలను భుజించుచునే యున్నారు. అయినను మన కందులు కమీషను ఏజెంటు చేతిమీదుగా పట్టణము చేరి, పప్పై, మరి యిద్దరు ముగ్గురి చేతులు మారి, పోయిన బాటనే తిరిగి వచ్చుట కద్దు. ఈ రాకపోకల ఖర్చు రైతు రాబడినుండి గాని, తినువాని జేబునుండి గాని పోవలసినదే.

ఎంత సరుకన్న మాట యిది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించి పనివారు గల చోట్ల క్యాంటీనును విధించుటకు ప్రభుత్వములకు అధికారమిచ్చెను. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా కోడు ఆ సంఖ్యను 100కు దించి, కాంట్రాక్టు కూలీలను సైతము లెక్కలో చేర్చినది. 500 మంది భుజించు క్యాంటీను నొకదానిని తలంచుకొందము. మనిషికి 60 గ్రాముల పప్పు చొప్పున దినమునకు 30 కిలోలు. 26 పనిదినములకు 780 కిలోలు. నూరు కిలోల కందులకు 70 కిలోల పప్పు దిగునని కొన్నను నెలకు 11 క్వింటాళ్ల కందులు కావలెను. ఎకరమునకు 4 క్వింటాళ్ల దిగుబడి యైనచో, ఆ యొక్క క్యాంటీనుకే ఏటికి 33 ఎకరముల పంట చెల్లును. సంఘము ఇట్టి రెండు మూడు బేరములను సంపాదించుకొన్నచో సభ్యులకు ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

అట్టి కొనుగోలుదారు మనకు తెలియడు, మనమతనికి తెలియము. ఇదియే చిక్కు. ఆ ఫ్యాక్టరీలవారు తమ సరుకునకు ఈ చిక్కును ఎట్లు దాటుచున్నారో చూడుడు. మందుల ముడిసరుకు చేయు కంపెనీ తన వెబ్‌సైటులో ప్రతి సరుకు పేరును, దాని నాణ్యతను, తనకు గల అనుమతి పత్రములను వ్రాసి, క్రింద విచారణ పంపుటకు చోటు విడిచియుంచును. దూరదేశపు వర్తకుడు దానిని చూచి మొదటి జాబు వ్రాయును. వర్తకులు దీనినే ఎంక్వైరీ యందురు. ఇది బేరము కాదు, బేరమునకు విత్తనము మాత్రమే.

ప్రపంచమున మొదటి వెబ్‌సైటు 1991లో వెలసెను. మన దేశపు ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించెను. రైతులకొరకు కంప్యూటరును వాడుటయు క్రొత్త గాదు. 2000లో ఐటీసీ కంపెనీ ఈ-చౌపాల్ అను ఏర్పాటుతో పల్లెలలో కంప్యూటర్లు పెట్టించి పంట కొనుట ప్రారంభించెను. 2016లో కేంద్ర ప్రభుత్వము ఈ-నామ్ ద్వారా మార్కెట్టు యార్డుల వేలమును కంప్యూటరుపైకి తెచ్చెను. మొదటిది కొనువాడు కట్టిన అంగడి; రెండవది ప్రభుత్వము కట్టిన అంగడి. సంఘపు వెబ్‌సైటు అమ్మువాడు తనకై తాను కట్టుకొను అంగడి గనుక దాని బాగోగులు మనమే చూచుకొనవలెను.

మొదట పేరు సంగతి. వెబ్‌సైటు పేరును ఏటేట అద్దె కట్టి నిలుపుకొనవలెను. సామాన్యమైన పేరునకు ఈ ఖర్చు కొద్దిపాటిదే. సహకార సంఘములకు మాత్రమే యిచ్చు .కోఆప్ అను ప్రత్యేకపు తోక 2002నుండి కలదు గాని, దాని వెల హెచ్చు. ఏ పేరైనను సంఘము పేరిటనే రిజిస్టరు చేయింపవలయును. కట్టిపెట్టిన కుర్రవాని పేరిట నున్నచో, అతడు ఉద్యోగమునకై ఊరు విడిచిన నాడు అంగడి తాళము అతనితోనే పోవును. పొలము పట్టా ఇతరుల పేరిట వ్రాయింతుమా?

ఇక లోపల ఏమి వ్రాయవలెను? జహీరాబాదు దగ్గర పస్తాపురము కేంద్రముగా 1983లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ మహిళా సంఘములవారు సంక్రాంతినుండి పాత పంటల జాతర జరుపుట మీరెరిగినదే. ఎడ్లబండ్లపై కొర్రలు, సామలు, జొన్నల విత్తనములు పేర్చి ఊరూర త్రిప్పుదురు. బండికడకు వచ్చినవాడు గింజను చేతబట్టి ఇది ఏ నేలలో పండును, ఎంత గలదు, ఎప్పుడు దొరకును అని యడుగును. వెబ్‌సైటు కదలని బండి. వచ్చినవాడు అడుగబోవు ప్రశ్నలకు సమాధానములు ముందే వ్రాసియుండవలెను. అధ్యక్షులవారి పటము, ప్రారంభోత్సవపు దండలు పప్పు కొనువానికి అక్కరలేదు. అవి యొక మూల నుండిన చాలును.

సరుకున కొక పుట చొప్పున వ్రాయుట మంచిది. కందిపప్పు పుటలో రకము, తేమ శాతము, సంచి తూకము, నెలకు ఎన్ని క్వింటాళ్లు ఇయ్యగలరో ఆ సంఖ్య, ఏ ఊళ్లకు బండి పంపగలరో ఆ ఊళ్ల పేర్లు, ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఊళ్ల పేర్లు ముఖ్యము. క్యాంటీను కాంట్రాక్టరు తన ఫోనులో పటాన్‌చెరులో టోకు కందిపప్పు అని వెదకును. పుటలో ఆ మాటలే లేకున్న మన సంఘము అతనికెట్లు కనబడును? కాంట్రాక్టర్లలో పరరాష్ట్రములవారును ఉందురు గనుక తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లీషులలోను వ్రాయవలెను. ధర వ్రాయవలెనా వలదా యని తర్జనభర్జన పడువారు కలరు. తేదీ వేసి ఆ వారపు ధర వ్రాయుట మేలని మా అభిప్రాయము. మార్చు ఓపిక లేనిచో వ్రాయకుండుటయే మేలు. నిరుటి ధర చూచి వచ్చినవాడు మరల రాడు.

విచారణ వచ్చిన పిమ్మట జరుగు ఆలస్యమే పెక్కు సంఘములను చెరచుచున్నది. కొనువాడు ఒక్కరినే యడుగడు. 1996లో స్థాపితమైన ఇండియామార్ట్ వంటి వర్తక వేదికలలో ఒకే విచారణ పలువురు అమ్మకందార్లకు చేరుచుండును. మొదట పలికినవానికే బేరము చిక్కు అవకాశము హెచ్చు. కావున వచ్చిన దినముననే బదులిచ్చు భారమును ఒక్క మనిషికి అప్పగించి, అతనికి కొంత జీతమియ్యవలెను. అందరి పని ఎవరి పనియు గాదు. ఎంత కావలెను, ఎప్పటికి, ఎచ్చటికి, సొమ్ము ఎన్నాళ్లకు అను నాలుగు ప్రశ్నలు అతడు తప్పక అడుగవలెను. నాలుగవదానికి సూటిగ బదులు చెప్పనివానికి అరువీయరాదు.

మోసగాండ్రును ఈ దారినే వత్తురు. సైనిక శిబిరమునకు సరుకు కావలెనని, బయానా పంపుచున్నామని చెప్పి, ఫోనులో పిన్ను నొక్కుమందురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన పని యెన్నడును లేదు. నొక్కితిమా, మన ఖాతాలోని సొమ్మే పోవును.

వచ్చిన విచారణలన్నిటికిని ఒక రిజిస్టరు ఉండవలెను. తేదీ, అడిగినవారు, సరుకు, బదులిచ్చిన తేదీ, నమూనా పంపినది లేనిది, తుదకు అమ్మినది ఎంత యని గడులు గీయవలెను. అందలి ఫోను నంబర్లను వారి అనుమతి లేక ఇతరుల కీయరాదు. 2023లో ఇందుకొక చట్టము కూడ వచ్చినది. ఇందరు చూచిరి, అందరు చూచిరి యని వెబ్‌సైటు కట్టినవారు చూపు లెక్కతో తృప్తి పడరాదు. నెలసరి సమావేశమున ఈ రిజిస్టరునే చదివించి, బదులు లేక నిలిచిపోయిన వరుసలకు కారణము అడుగవలయును.